పెరుగులో మేలుచేయు సూక్ష్మజీవులు, పాలలో బూజు విషము

తెలుగువారి ఇంట భోజనము పెరుగన్నముతో గాని మజ్జిగతో గాని ముగియవలసినదే. పసిబిడ్డకు అన్నప్రాశనమైన కొద్ది నెలలకే పెరుగు అలవాటగును. పథ్యములో నున్న వృద్ధులకు మజ్జిగయే ఆధారము. ఇట్టి పెరుగును గూర్చి కొంతకాలముగా ఒక మాట పల్లెలదాక వచ్చినది. పాలలో బూజు విషము చేరుచున్నదనియు, పాలను తోడుకొల్పు సూక్ష్మజీవులు ఆ విషమును పట్టి హరించుననియు ఆ మాట. పాలలో విషము చేరుట నిజము. సూక్ష్మజీవులు దానిని పట్టుకొనుట కూడ నిజమే గాని, కొంతవరకు మాత్రమే. ఆ కొంత ఎంతయో తెలిసికొనక, “తోడుపెట్టితిమి గదా, ఇక భయము లేదు” అని పాడి రైతు ధైర్యపడినచో నష్టము మొదట అతని ఇంటి పిల్లలకే కలుగును. కనుక ఈ విషయమును కొంచెము వివరముగా చెప్పవలసియున్నది.

ఈ విషము ఎక్కడిది?

బూజులన్నియు ఒక జాతివి కావు. ఊరగాయ మీద తేలునది వేరు, తడి గోడకు పట్టునది వేరు. మనకిక్కడ పని ఉన్నది ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అను బూజుతో. ఇది నేలలోను, కుళ్ళిన ఆకులలోను ఉండును. పసుపు కలిసిన ఆకుపచ్చని పొడి చల్లినట్లు కనిపించును. వేరుశనగ, మొక్కజొన్న, పత్తిగింజ, కొబ్బరి దీనికి ప్రీతి. వేడియు తేమయు ఒకచోట కలిసినచో పెరిగి, ఒక విషమును పుట్టించును. దానిని అఫ్లటాక్సిన్ అందురు. బూజు పేరులోని అక్షరములు తీసికొనియే ఆ పేరు పెట్టిరి. ఇందు కొన్ని రకములు కలవు. వానిలో బి1 అనునది మిక్కిలి చెడ్డది. కాలేయమును దెబ్బతీయును, ఎక్కువకాలము లోనికి పోయినచో కాలేయపు క్యాన్సరుకు కారణమగును. దీనికి రంగు లేదు, రుచి లేదు. బూజును దులిపివేసినను విషము గింజలోనే నిలిచియుండును.

ఇది లోకమునకు తెలియవచ్చినది 1960లో. ఆ ఏడు ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు కొద్ది నెలలలో చచ్చినవి. మొదట ఏదో అంటురోగమనుకొనిరి. వెదకగా వెదకగా, బ్రెజిల్ దేశమునుండి వచ్చిన వేరుశనగ చెక్క వానికి మేపిన దాణాలో కలిసియుండెనని, ఆ చెక్కకు బూజు పట్టియుండెనని తేలినది. మనకును అది దూరపు ముచ్చట కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ముర్రా గేదెలకు వేరుశనగ చెక్క వలన కలిగిన విష ప్రభావమును గూర్చి పశువైద్య శాస్త్రజ్ఞులు 1965లోనే నివేదిక ప్రచురించిరి. అటుపిమ్మట 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దున బాన్‌స్వాడా, పంచమహల్ జిల్లాల గిరిజనులు వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తినిరి. వారిలో 397 మందికి కామెర్లతో కూడిన జబ్బు చేసినది. 106 మంది మరణించిరి. అదే ఇండ్లలో ఆ తిండి తిన్న కుక్కలు కూడ చచ్చినవి. కారణము అఫ్లటాక్సిన్ అని కనుగొన్నది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు.

ఇంత ఘోరము అరుదు. మనము భయపడవలసినది దినదినము కొద్దికొద్దిగా లోనికి పోవు దానిని గూర్చి. అట్లు పోవు దారులలో పాలు ఒకటి.

చెక్కనుండి చెంబులోనికి

గేదె గాని ఆవు గాని బి1 విషమున్న చెక్క తిన్నప్పుడు, అందులో కొంత కడుపులోనే విరిగిపోవును. మిగిలినది రక్తములో కలిసి కాలేయము చేరును. కాలేయము దానిని కొంచెము మార్చి బయటికి పంపజూచును. అట్లు మారినదానిలో కొంత పొదుగుగుండా పాలలో దిగును. పాలలో దిగిన ఈ విషమునకు ఎం1 అని పేరు. పశువు తిన్న బి1లో సాధారణముగా నూటికి ఒకటి రెండు వంతులు ఇట్లు పాలలోనికి వచ్చును; అధిక పాలసారము గల ఆవులలో ఆరు వంతులదాక రావచ్చును. చెడిన చెక్క తిన్న పన్నెండు మొదలు ఇరువదినాలుగు గంటలలోనే పాలలో కనిపించును. ఆ చెక్క మానిపించినచో మూడు నాలుగు దినములలో పోవును. ఈ చివరి మాట రైతులు గుర్తుంచుకొనదగినది; దీని అవసరము ముందు వచ్చును.

ఎం1, బి1 అంత తీవ్రమైనది కాకపోయినను విషమే. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ కిలో పాలలో 0.5 మైక్రోగ్రాముకు మించి ఉండరాదని హద్దు పెట్టినది. మైక్రోగ్రాము అనగా గ్రాములో పది లక్షలవ వంతు. ఐరోపా దేశములవారు ఇంతకు పదింతలు కఠినముగా 0.05 మైక్రోగ్రాము చాలుననిరి. ఆ సంస్థయే 2018లో దేశమందలి 1,103 పట్టణములనుండి 6,432 పాల నమూనాలు తీసి పరీక్షింపజేసి, ఫలితములను 2019 అక్టోబరులో ప్రకటించినది. ప్రాణాపాయకరమైన కల్తీ దొరికిన నమూనాలు 12 మాత్రమే. ఎం1 విషము హద్దు దాటిన నమూనాలు 368. అనగా నూటికి 5.7. యూరియా కలిపిరి, సబ్బు కలిపిరి అని మనము గగ్గోలు పెట్టుచుందుము గాని, ఎవరును కలుపకుండ గడ్డితొట్టినుండి వచ్చు ఈ కల్తీని గూర్చి అడుగువారు తక్కువ.

“పాలు మరగకాచినచో పోదా?” అని ఇల్లాండ్రు అడుగుదురు. పోదు. మన పొయ్యి మీది వేడికి క్రిములు చచ్చును గాని ఈ విషము చెక్కుచెదరదు. పాలకేంద్రములో పాశ్చురైజ్ చేసినను అంతే. పాలపొడి చేసినను పొడిలో నిలిచియుండును. పాలను విరిచి పన్నీరు చేసినచో, ఈ విషమునకు పాలలోని మాంసకృత్తులతో పొత్తు ఎక్కువ గనుక, బరువుకు బరువు చూచినప్పుడు పాలలో కంటె పన్నీరులోనే హెచ్చుగా నుండును. వెన్న, నేతులలోనికి మాత్రము కొద్దిగానే పోవును. అనగా కవ్వముతో చిలికినప్పుడు ఈ విషము వెన్న వైపు కంటె మజ్జిగ వైపే నిలుచును. నెయ్యి అమ్మి మజ్జిగ పిల్లలకు పోయు ఇండ్లలో ఈ సంగతి తెలిసియుండవలెను.

తోడులోని సైన్యము

గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు వేసినచో, ఒక రాత్రిలో ఆ పాలు గడ్డకట్టుటకు కారణము లాక్టిక్ ఆమ్లమును పుట్టించు బాక్టీరియాలు. ఇవి పాలలోని చక్కెరను తిని పులుపుగా మార్చును. బాగుగా తోడుకొన్న పెరుగు గ్రాములో పది కోట్లకు, అంతకు పైకి కూడ ఇవి ఉండును. వీని మేలు మన పెద్దలకు శాస్త్రము రాకముందే తెలియును. వేసవిలో పాలు నిలువవు, పెరుగు నిలుచును. పాలు పడని వారికి మజ్జిగ పడును.

వీనికి మరియొక గుణము కలదని 1998లో ఫిన్లండు దేశపు శాస్త్రజ్ఞులు చూపిరి. లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ అను జాతిలోని రెండు తెగలను బి1 విషము కలిపిన ద్రవములో వేయగా, ద్రవములోని విషము నూటికి 80 వంతులదాక తగ్గినది. తగ్గుటకు గంటలు పట్టలేదు. వేసిన వెంటనే తగ్గినది. దీనినిబట్టి బాక్టీరియాలు విషమును తిని అరిగించుకొనుట లేదని తెలియుచున్నది. వాని దేహము మీద పెంకు వంటి గోడ కలదు. విషము ఆ గోడకు అంటుకొనుచున్నది, ముళ్ళకంపకు దూది పట్టుకొన్నట్లు. అందుచేతనే వేడిచేసి చంపిన బాక్టీరియాలు కూడ పట్టుకొనగలిగినవి. కొన్ని పరీక్షలలో బ్రదికియున్నవాని కంటె చచ్చినవే ఎక్కువ పట్టుకొన్నవి.

ఇంత మాత్రము విని సంతోషించుటకు ముందు మూడు సంగతులు చూడవలెను.

ఆ పరీక్షలో వాడిన బాక్టీరియాల సంఖ్య మిల్లీలీటరుకు వేయికోట్ల వరకు ఉండెను. సంఖ్య తగ్గినకొలది పట్టు తగ్గినది. మన ఇంటి పెరుగులో అంత సాంద్రత ఉండదు. అదియుగాక అన్ని తెగలకును ఒకే శక్తి లేదు. ఎం1 విషము మీద పరీక్షింపగా, మంచి తెగలు ద్రవములోనిదానిలో సుమారు సగము పట్టినవి, తక్కినవి అంతకంటె చాల తక్కువ. పాలలోని ఎం1ను పెరుగు చేసిన పిమ్మట కొలిచిన పరిశోధనలు ఒకే మాట చెప్పుట లేదు. కొన్నింటిలో ఏమియు తగ్గలేదు. కొన్నింటిలో ఐదవ వంతు, కొన్నింటిలో అంతకంటె హెచ్చు తగ్గినది. మన ఇంటి తోడులో ఏ తెగలు ఎన్ని యున్నవో ఇంటింటికి మారుచుండును గదా.

ఇక అంటుకొన్న విషము శాశ్వతముగా అంటుకొని ఉండదు. బాక్టీరియాలను నీటితో కడిగినప్పుడు కొంత విడివడి మరల ద్రవములో చేరినది. కాబట్టి పెరుగులో కొలతకు తగ్గినట్లు కనిపించినదంతయు నాశనమైనదని అనుకొనరాదు.

మూడవది, మనుష్యుల కడుపులో ఏమి జరుగునన్నది. ఇందు కొంత ఆశ కలదు. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌ నగరములో ఆరోగ్యవంతులైన 90 మంది యువకుల మీద జరిపిన పరీక్ష 2006లో ప్రచురింపబడినది. కొందరికి ఐదు వారములు ఇట్టి బాక్టీరియాలను గుళికలుగా ఇచ్చిరి, కొందరికి ఉత్త గుళికలు ఇచ్చిరి. బి1 విషము దేహములో చేసిన హానికి గుర్తుగా మూత్రములో కనిపించు ఒక పదార్థము, బాక్టీరియాలు తిన్నవారిలో ఐదవ వారమునకు నూటికి 55 వంతులు తగ్గినది. విషము బాక్టీరియాల నంటుకొని, రక్తములో కలియకుండ మలముతో పోయి ఉండవచ్చునని దీని భావము. అయితే అవి ఏరి పెంచి, లెక్కగట్టి గుళికలుగా ఇచ్చిన తెగలు. మన గిన్నెలోని పెరుగునకు ఈ లెక్క అట్లే అన్వయింపరాదు.

లెక్క వేసి చూతము

చిన్న లెక్కతో ఈ విషయము తేటపడును. ఒక గేదె దినమునకు 2 కిలోల వేరుశనగ చెక్క తినుననుకొందము. ఆ చెక్క బూజు పట్టినదై, కిలోకు 200 మైక్రోగ్రాముల బి1 కలదనుకొందము. గేదె కడుపులోనికి 400 మైక్రోగ్రాములు పోవును. అందులో నూటికి ఒక వంతు పాలలోనికి వచ్చినను 4 మైక్రోగ్రాములు. గేదె 6 లీటర్లు ఇచ్చినచో లీటరుకు 0.67 మైక్రోగ్రాము. హద్దు 0.5 గనుక దాటినది. ఇప్పుడు ఆ పాలను చక్కగా తోడుపెట్టితిమి. బాక్టీరియాలు ఐదవ వంతు పట్టుకొన్నవి. మిగిలినది 0.53. ఇంకను హద్దు పైనే.

అదే గేదెకు కిలోకు 20 మైక్రోగ్రాములకు మించని చెక్క పెట్టినచో? భారత ప్రమాణాల సంస్థ పశువుల మిశ్రమ దాణాకు పెట్టిన హద్దు ఈ 20 మైక్రోగ్రాములే. అప్పుడు కడుపులోనికి పోవునది 40, పాలలోనికి వచ్చునది 0.4, లీటరుకు సుమారు 0.07 మాత్రము. తోడు వేయకముందే పని అయినది. పైగా ఈ మార్పు మూడు నాలుగు దినములలోనే జరుగును. కుండలోని బాక్టీరియాలు చేయలేని పనిని కొట్టములోని రైతు చేయగలడు.

ఇందువలన పెరుగును తక్కువ చేసితిమని తలంపవలదు. మేత శుభ్రముగా నున్న ఇంట కూడ ఎక్కడనో ఒకచోట కొద్ది విషము దొరలకమానదు. అట్టి కొద్దిపాటిలో మరికొంత తగ్గించుట పెరుగువలన జరుగవచ్చును. అంతవరకు దాని సాయము తీసికొందము.

మంచి తోడు

ఆ సాయము పొందవలెనన్న తోడు బలముగా నుండవలెను. పాలు కాచి, వేలు పెట్టినచో ఓర్చుకొనునంత గోరువెచ్చగా నున్నప్పుడు తోడు వేయవలెను. మిక్కిలి వేడిలో బాక్టీరియాలు చచ్చును; చల్లారిన పాలలో మందగించి ఇతర క్రిములకు చోటిచ్చును. తోడునకు ఆనాటి తాజా పెరుగు మంచిది. జిగట సాగుచున్న పెరుగు, చేదు వాసన కొట్టు పెరుగు, నీరు విడిచి బుడగలు కట్టిన పెరుగు తోడునకు పనికిరావు. గిన్నెలు, కవ్వము వేడినీళ్ళతో కడిగి ఎండబెట్టవలెను.

పాలు ఒక్కొక్కప్పుడు ఎంత తోడు వేసినను తోడుకొనవు. ఇల్లాలు తోడును నిందించును. కాని కారణము పొదుగువాపునకు పశువుకు వేసిన యాంటీబయాటిక్ మందు కావచ్చును. ఆ మందు పాలలో దిగి, తోడులోని మేలుచేయు బాక్టీరియాలను చంపును. మందు వేసిన పశువు పాలను పశువైద్యుడు చెప్పిన గడువు దాటువరకు ఇంట వాడరాదు, కేంద్రమునకు పోయరాదు.

పెరుగు మీదనే బూజు పట్టినచో, పైపొర తీసివేసి క్రిందిది తినుట కొన్ని ఇండ్లలో అలవాటు. పెరుగు మెత్తని పదార్థము. బూజు వేళ్ళు కంటికి కనిపించు మచ్చ కంటె లోతుకు పోవును. గిన్నెడు పెరుగునకు ఆశపడక పారబోయవలెను. మజ్జిగ పులుసు పెట్టినచో దోషము పోవుననుకొనుట కూడ పొరపాటే. పాల వేడికి పోనిది పులుసు వేడికి పోదు.

పాతరలోను ఇవే

లాక్టిక్ బాక్టీరియాలు పెరుగు కుండలోనే గాక మేత పాతరలో కూడ మనకు పనిచేయును. పచ్చి మొక్కజొన్న, జొన్న చొప్పను ముక్కలుగా నరికి, గుంటలోనో గట్టి సంచులలోనో గాలి లేకుండ త్రొక్కి మూసినచో, ఈ బాక్టీరియాలు చొప్పలోని తీపిని పులుపుగా మార్చును. గాలి లేకపోవుట, పులుపు ఉండుట, ఈ రెండును బూజునకు గిట్టవు. నెల పదునైదు దినములకు మంచి మాగుడు మేత తయారగును. ఇక్కడ బాక్టీరియాలు బూజును పుట్టనీయకనే ఆపుచున్నవి; పుట్టిన విషమును పట్టుకొనుట కంటె ఇది ఎంతో మేలు. అయితే పాతర తెరచిన తరువాత గాలి తగిలిన ముఖము బూజు పట్టును. దినదినము నిలువుగా ఒక పొర కోసి వాడుచు, మరల కప్పవలెను. బూజు పట్టిన అంచును పశువునకు వేయరాదు. కంకిమీదనే బూజు పట్టిన మొక్కజొన్నను పాతర వేసినంత మాత్రాన దానిలోని విషము పోదని కూడ తెలియవలెను.

అసలు పని వేరుశనగ చేనులో

చెక్కలోనికి విషము ఎట్లు వచ్చునో చూచినచో, వేరుశనగ వ్యాపారములోని ఒక విచిత్రము బయటపడును. రైతు కాయలు తెచ్చును. ఎగుమతికి, తినుటకు పనికివచ్చు గట్టి గింజలను ఏరి మంచి ధరకు అమ్ముదురు. ముడుతలు పడినవి, పుచ్చినవి, రంగు మారినవి, బూజు పట్టినవి వేరుచేసి నూనె మిల్లుకు పంపుదురు. విషము ఎక్కువగా నుండునది సరిగా ఈ ఏరివేతలలోనే. గింజను పిండినప్పుడు నూనెలోనికి కొద్దిగానే పోయి, ఎక్కువ భాగము చెక్కలో నిలుచును. నూనెను శుద్ధి చేయునప్పుడు దానిలోనిది కూడ పోవును. చెక్క మాత్రము తిన్నగా మన గేదె తొట్టిలోనికి వచ్చును. మనుష్యులు తినరాదని ఏరిపారవేసినది, గేదెగుండా తిరిగి, మనుష్యుల పిల్లల పాలగ్లాసులోనికే వచ్చుచున్నది. ఎవరినో నిందించి లాభము లేదు. ఏరివేత తక్కువగునట్లు పండించుటయే దారి.

పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సము వేసి మట్టి ఎగదోసినచో కాయ గట్టిపడును, బూజు చొరబడుట తగ్గును. కాయ ముదురు చివరి నెలలో బెట్ట తగిలినచో నేల వేడెక్కి, కాయ బీటలువారి, బూజు చేనులోనే ప్రవేశించును. అనంతపురము వంటి మెట్ట ప్రాంతములలో ఈ బాధ తెలియనివారు లేరు. నీటి వసతి ఉన్నవారు ఆ దినములలో ఒక్క తడి ఇచ్చినను ఎంతో ఉపకారము. చెదలు, పురుగు తొలిచిన కాయలు, పారకు తెగిన కాయలు బూజునకు తెరచిన తలుపులు.

పంట పక్వమైన వెంటనే పీకవలెను. పీకిన మొక్కలను కాయలు పైకి ఉండునట్లు తలక్రిందులుగా పేర్చి ఆరబెట్టవలెను. నేలకు తగిలి కుప్పగా నున్న కాయ లోపలనే చెమర్చును. గింజలో తేమ నూటికి 8 వంతులకు దిగవలెను. కొలిచే యంత్రము లేనివారు కాయను చెవి దగ్గర ఆడించి చూతురు, గింజ గలగలలాడవలెను. సగము ఆరిన కాయను గోతాములకు ఎత్తి, ధర వచ్చువరకు గదిలో ఉంచినచో, పెరుగునది ధర కాదు, బూజు.

కాయ ఒలుచుటకు సులువని, తూకమునకు కలిసివచ్చునని కాయల మీద నీళ్ళు చల్లు అలవాటు కొన్నిచోట్ల కలదు. ఎండబెట్టిన శ్రమ అంతయు ఆ ఒక్క కడవ నీళ్ళతో పోవును. ఈ అలవాటును గ్రామాధికారులు, సహకార సంఘములవారు గట్టిగా మాన్పించుట అవసరము.

చెక్క కొనునప్పుడు, దాచునప్పుడు

చెక్కను విరిచి చూడవలెను. లోపల పచ్చని, నల్లని చారలున్నను, ముక్కిన వాసన వచ్చినను కొనరాదు. అయితే ముందే చెప్పినట్లు విషము కంటికి కనిపించునది కాదు. చూపునకు బాగున్న చెక్కలో కూడ ఉండవచ్చును. పరీక్ష చేయించి అమ్ము మిల్లునుండి గాని, ప్రమాణ చిహ్నము గల దాణా గాని కొనుట క్షేమము. పాల సహకార సంఘములు ఊరందరికి కలిపి ఒకేసారి చెక్క కొని, ఒక నమూనాను ప్రయోగశాలకు పంపినచో, రైతునకు పడు ఖర్చు స్వల్పము. నమూనా ఒక గోతము పై పొరనుండి పిడికెడు తీసిన చాలదు. బూజు గుత్తులు గుత్తులుగా నుండును గనుక, అనేక గోతాములనుండి, పైన, మధ్య, అడుగునుండి కొంచెము కొంచెము తీసి కలిపి పంపవలెను.

వానకాలములో పదునైదు దినములకు మించి సరిపడునంత చెక్క, తవుడు కొనిపెట్టుకొనరాదు. గోతాములను నేల మీద గాక చెక్కపలకల మీద, గోడకు మూరెడు దూరముగా పేర్చవలెను. ముందు వచ్చినది ముందు వాడవలెను. కుడితి తొట్టి సంగతి చాలమంది మరచిపోవుదురు. నిన్నటి కుడితి అడుగున పేరుకొన్న తవుడు మడ్డి మీద నేటి కుడితి పోయుచుందురు. ఆ మడ్డిలో ఏ బూజు పుట్టదు? దినమునకొకసారి తొట్టిని గీకి కడుగవలెను.

తుపాను వానకు తడిసిన వరిగడ్డిని విప్పి ఆరబెట్టకుండ వామి వేసినచో అదియు బూజు పట్టును. దానిలో పుట్టు బూజులు వేరు జాతివి, వాని విషములును వేరు. గేదెల తోకకొన, చెవులకొన, గిట్టలు కుళ్ళు డెగ్నాలా వ్యాధికి బూజు పట్టిన వరిగడ్డియే కారణమని తలంచుచున్నారు.

తప్పనిసరియై అనుమానపు దాణా వాడవలసివచ్చినచో, బెంటొనైట్ వంటి కొన్ని బంకమన్నులను, ఈస్టు పొట్టును దాణాలో కలుపు పద్ధతి కలదు. అంగళ్ళలో టాక్సిన్ బైండర్ అను పేర అమ్ముదురు. ఇవి పశువు కడుపులోనే విషమును పట్టుకొని పేడతో బయటికి పంపి, పాలలోనికి పోవు పాలు తగ్గించును. వాడవలసిన మోతాదును పశువైద్యునడిగి తెలిసికొనవలెను; అన్ని సరకులు ఒకే మేలు చేయవు. వీనిని నమ్మి తెలిసి తెలిసి బూజు చెక్క చవుకగా కొనుట మాత్రము తగదు. ఈనిన గేదెకు, దూడలకు, చూడి పశువులకు అసలే పెట్టరాదు.

చెడిన చెక్కను ఏమి చేయవలెను? చాలమంది గేదెకు పెట్టలేనిదానిని కోళ్ళకు, బాతులకు చల్లుదురు. ఈ విషమునకు బాతుపిల్లల కంటె తొందరగా చచ్చు ప్రాణి లేదు, కోడిపిల్లలును తట్టుకొనలేవు. మంచి చెక్కలో కలిపి “పలుచన” చేసి మేపుట కూడ కూడదు. ముక్కునకు, నోటికి గుడ్డ కట్టుకొని, దుమ్ము రేగకుండ నీళ్ళు చిలకరించి, ఎరువు గుంటలోనికి ఎత్తి పేడతో కలిపి మట్టి కప్పవలెను. వేరుశనగ చెక్కలో నత్రజని నూటికి ఏడు వంతుల వరకు కలదు గనుక ఎరువుగా దాని విలువ పోదు. మాగిన పిమ్మట చెరకునకో, వరికో వేసికొనవచ్చును. వేరుశనగ వేయదలచిన చేనికి మాత్రము వేయరాదు. ఆ బూజు నేలలో నిలిచి, మరుసటి పంట కాయకొరకు కాచుకొనియుండును.